చుక్క పడేలోపు

సినిమా హాల్లో ఆపరేటరుగా చేశానని చెప్పగానే ఎవరైనా అనే మాట ఒకటే. "అబ్బో, ఎన్ని సినిమాలు ఊరికే చూసుంటారో!" ఊరికే చూసిన మాట నిజమే. కానీ ఆ చూడటం వేరు. కుర్చీలో కూర్చున్నవాడు కథ చూస్తాడు. మేం మిషను పక్కన గోడకున్న అరచెయ్యంత కంతలోంచి తెర కుడి పైమూల చూస్తాం. రీలు అయిపోవస్తుంటే అక్కడ చిన్న గుండ్రటి చుక్క పడుతుంది. అది కనపడగానే రెండో మిషను మోటారు వెయ్యాలి. ఇంకో ఏడెనిమిది సెకండ్లకి రెండో చుక్క పడుతుంది. అప్పుడు ఈ మిషను మూసి ఆ మిషను తెరవాలి. హీరో తలుపు తోసేది ఒక రీల్లో, గడప దాటేది ఇంకో రీల్లో. మధ్యలో ఒక మనిషి చెమటలు కక్కుతూ నిలబడ్డాడని కింద ఎవరికీ తెలియదు. తెలిసిందంటే ఆ పూట ఈలలే.

నేను 1973లో తెనాలిలో ఒక హాల్లో రీళ్ళు చుట్టే కుర్రాడిగా చేరాను. హాలు పేరు ఇప్పుడు చెప్పినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ, అది కల్యాణమండపం అయి చాలా కాలమైంది. విజయవాడ గాంధీనగరంలో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నుంచి ప్రింట్లు రేకుపెట్టెల్లో ప్యాసింజరు బండి మీద వచ్చేవి. పెట్టె రిక్షాలో హాలుకి చేరగానే ఒక్కొక్క రీలూ చేతివేళ్ళ మధ్య జార్చుకుంటూ తనిఖీ చెయ్యడం నా పని. చిరుగు తగిలితే ఆగి, బ్లేడుతో గీకి, సిమెంటు రాసి అతికేవాణ్ణి. మా పెద్దాపరేటరు గారు నేర్పిన మొదటి పాఠం ఇది: "తెర చూడమాక అబ్బాయ్, చుక్క చూడు." ఆయన దృష్టిలో సినిమా చూసే ఆపరేటరు, అన్నం వండుతూ నిద్రపోయే వంటమనిషి లాంటివాడు.

అందుకే నాకు ఏ సినిమాలు నచ్చాయని అడిగితే కథలతో జవాబు చెప్పలేను. మాకు మా కొలతలున్నాయి. మొదటిది ఆ చుక్కే. ఏ సినిమా నడుస్తుంటే చుక్క కోసం కళ్ళు బలవంతంగా మూలకి లాక్కోవాల్సి వచ్చిందో అది మంచి సినిమా. రెండోది టీ రీలు. దాదాపు ప్రతి సినిమాలో ఒక రీలుంటుంది. అది రాగానే నేల, బెంచీ, కుర్చీ అన్న తేడా లేకుండా జనం లేచి బయటికి పోతారు. ఏ ఆటకైనా అదే చోట లేస్తారు, ఎవరో సైగ చేసినట్టు. మా క్యాంటీనాయన కొత్త బొమ్మ పడిన రోజు మ్యాట్నీ అవగానే పైకి వచ్చి, "టీ రీలు ఎక్కడొచ్చిందిరా?" అని అడిగి, దాన్నిబట్టి ఫస్ట్ షోకి స్టవ్ వెలిగించుకునేవాడు. ఆయన అంచనా పత్రికల్లో వచ్చే సమీక్షలకంటే నిక్కచ్చి. టీ రీలు లేని సినిమాలు నేను చూసినవాటిల్లో బహు కొద్ది.

మూడో కొలత కాస్త చెప్పుకోకూడనిది. ప్రింటు ఊరూరా తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి దాన్నిండా అతుకులుండేవి. కొన్ని మిషను తెంపినవి. కొన్ని మాత్రం ఎవరో ముచ్చటపడి కత్తిరించుకున్నవి. హీరో మొహమో హీరోయిన్ మొహమో ఉన్న నాలుగైదు ఫ్రేములు కోసి జేబులో వేసుకుంటే, ఊళ్ళో పిల్లలు వాటిని భూతద్దం పెట్టి ఎండలో గోడ మీద చూసుకునేవాళ్ళు. కాబట్టి ప్రింటులో ఎక్కడ అతుకులు ఎక్కువుంటే జనానికి అక్కడ మనసు ఎక్కువ పడిందన్నమాట. చీకట్లో వేళ్ళకి తగిలే ఆ గరుకుని బట్టి, నేను బొమ్మ చూడకముందే ఏ రీలు బాగుంటుందో చెప్పేసేవాణ్ణి.

ఈ మూడు కొలతలకీ నిలిచింది మాయాబజార్. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, తెలుగువాళ్ళలో సగం మందిని అడిగినా ఇదే చెబుతారు. అది 1957లో వచ్చింది. నేను చేరేసరికి పాతబడిన సినిమా. మార్నింగ్ షోలకి తక్కువ అద్దెకి దొరికేది. కొత్త బొమ్మ చతికిలబడ్డప్పుడల్లా మా ఓనరు గారు "విజయవాడకి ఫోన్ చేసి మాయాబజార్ పెట్టె పంపమనండి" అనేవారు. కె.వి.రెడ్డి గారు అందులో ఎంత గడుసుదనం చేశారంటే, అది భారతకథ అయినా పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనపడరు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళు తట్టనే లేదు. ఎవరో చెబితే, ఆ మర్నాడు రీళ్ళన్నీ వేళ్ళ మధ్య జార్చుకుంటూ వెతికాను. నిజంగానే లేరు. లేరన్న లోటు మాత్రం ఎవరికీ తోచదు. అంతమంది జనం, అంత పెళ్ళి హడావుడి.

ఆ సినిమాకి మార్కస్ బార్ట్లే గారి కెమెరా. నదిలో పడవ మీద వెన్నెల పాట వస్తుంది కదా, ఆ రీలంటే నాకు భయం. అప్పట్లో మా మిషన్లలో వెలుగు కార్బన్ పుల్లలది. రెండు పుల్లలు ఎదురెదురుగా పెట్టి కరెంటిస్తే మధ్యలో కళ్ళు పోయేంత తెల్లటి మంట పుడుతుంది. నల్లద్దంలోంచి తప్ప దాన్ని చూడకూడదు. పుల్లలు కాలుతున్నకొద్దీ మధ్య ఎడం పెరుగుతుంది. మర తిప్పి సరిచెయ్యకపోతే మంట పసుపురంగుకి తిరిగి ఊగుతుంది. ఫైటు సీన్లో ఊగితే ఎవడూ పట్టించుకోడు. బార్ట్లే గారి వెన్నెల్లో ఊగిందా, అది వెన్నెల కాస్తా కిరసనాయిలు దీపం అయిపోతుంది. అందుకని ఆ రీలు ఎక్కించేముందు కొత్త పుల్లలు పెట్టేవాణ్ణి. సగం కాలిన పుల్లలు పారేస్తే ఓనరు గారి గుమాస్తా గొణిగేవాడు. "వెన్నెల రీలండీ" అంటే ఊరుకునేవాడు, ఆయనకీ ఇష్టమే.

ఘటోత్కచుడి విందు పాట ఉన్న రీలు ఎప్పుడొచ్చినా గరుకే. లడ్డూలు గాల్లో లేచి ఎస్వీ రంగారావు గారి నోట్లోకి వెళ్ళే చోట అతుకుల మీద అతుకులు. కొన్ని ప్రింట్లలో లడ్డూ పళ్ళెంలోంచి లేచేది, నోట్లోకి చేరేముందే ఆయన నవులుతుండేవారు. మధ్య ఫ్రేములు ఏ ఊళ్ళో ఏ పిల్లాడి జేబులో ఉన్నాయో. అయినా నేల క్లాసు గోల చేసేది కాదు. పోయిన ఫ్రేములు వాళ్ళకి నోటికి వచ్చు.

కానీ ఆ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది సావిత్రి గారు మాయాశశిరేఖగా మారాక చేసేది. ఒళ్ళు ఆడపిల్లది, లోపల ఉన్నది రాక్షసుడు. లక్ష్మణకుమారుడి ముందు సిగ్గుపడుతూ నిలబడి, అతను అటు తిరగగానే భుజాలు ఒక్కసారి విరిచి, మీసం ఉన్నచోట చెయ్యి వెయ్యబోయి ఆగే తీరు! నేనున్న దూరం నుంచి మొహాలు చిన్నగా కనపడతాయి. మిషన్ల రొదలో మాటలు సగమే వినపడతాయి. ఆ దూరానికి కూడా భుజాల కదలికనిబట్టి ఇప్పుడు శశిరేఖ, ఇప్పుడు ఘటోత్కచుడు అని తెలిసిపోయేది. మాట వినపడకుండా చూస్తేనే ఎవరు నటిస్తున్నారో, ఎవరు డైలాగు అప్పజెబుతున్నారో తేలిపోతుంది. ఈ పరీక్షలో సావిత్రి, ఎస్వీఆర్ తప్ప నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నవాళ్ళు నాకెవరూ కనపడలేదు. ఇద్దరూ ఉన్న మిస్సమ్మ కూడా నాకు అంతే ఇష్టం. దాన్ని రాసిన చక్రపాణి గారిది మా తెనాలే కాబట్టి ఆ ఇష్టంలో కొంత ఊరి అభిమానం కూడా ఉందేమో, కాదనను.

ఊరి అభిమానం అన్నాను కాబట్టి అల్లూరి సీతారామరాజు సంగతి. 1974 మే 1న విడుదలైంది. కృష్ణ గారి బుర్రిపాలెం మాకు పక్క ఊరే. ఆయనకది నూరో సినిమా. తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోప్ కూడా అదే. మా హాల్లో అంతకుముందు హిందీ స్కోప్ బొమ్మలు కూడా ఆడించలేదు. తెర వెడల్పు చెయ్యాల్సొచ్చింది, ఇరువైపులా ఉన్న సిమెంటు పువ్వులు పగలగొట్టించారు. విజయవాడ నుంచి ఒక మెకానిక్ గుడ్డలో చుట్టుకుని లెన్సు తెచ్చాడు, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు.

పెట్టె విప్పి మొదటి రీలు దీపానికి అడ్డంగా పెట్టి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. కృష్ణ గారు వెదురుబద్దలా సన్నగా, పొడుగ్గా ఉన్నారు. గుర్రాలు మేకల్లా ఉన్నాయి. స్కోప్ కెమెరా అంత వెడల్పు దృశ్యాన్ని మామూలు ఫిలిం మీదకి పక్కల నుంచి నొక్కి ఎక్కిస్తుంది. మిషను ముందున్న లెన్సు దాన్ని మళ్ళీ సాగదీసి తెర మీద పరుస్తుంది. ఈ సంగతి పెద్దాపరేటరు గారికి తెలుసు, నాకు తెలియదు. "ఏందండీ ఈయన ఇంత చిక్కిపోయాడు?" అన్నాను. "లెన్సు పడనీ, నీకంటే లావవుతాడు" అన్నారాయన.

మొదటి ఆటకి బుర్రిపాలెం నుంచి సైకిళ్ళు, ఎడ్లబళ్ళు, ట్రాక్టర్లు. తెర ముందు కొబ్బరికాయలు కొట్టారు. మన్యం కొండలు ఈ చివర నుంచి ఆ చివరికి తెరుచుకున్నప్పుడు హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టడం క్యాబిన్ దాకా తెలిసింది. శ్రీశ్రీ గారి పాట వచ్చినప్పుడు నేల క్లాసు లేచి నిలబడింది. ఆ పాటకి తర్వాత జాతీయ బహుమతి వచ్చింది. సినిమాగా దాంట్లో లోపాలు లేవని కాదు. కొన్ని రీళ్ళలో ఉపన్యాసం ఎక్కువ, క్యాంటీనాయన స్టవ్ కూడా వెలిగించాడు. కానీ చివరి రీలు, చెట్టుకి కట్టేశాక రాజు నిలబడే తీరు, ఆ వెడల్పు తెర మీద ఒక్క మనిషి. మిగతా తెరంతా ఖాళీగా ఉంచి కూడా నిండుగా కనిపించేట్టు తీయొచ్చని నాకు అక్కడ తెలిసింది.

దానవీరశూరకర్ణ గురించి అడుగుతారు, చెప్పకపోతే బాగోదు. 1977 సంక్రాంతికి ఒకే రోజు మా ఊళ్ళో ఒక హాలుకి కర్ణ, ఇంకో హాలుకి కురుక్షేత్రం. అటు రామారావు గారు, ఇటు కృష్ణ గారు. ఊరు రెండుగా చీలింది. మాకు కర్ణ వచ్చింది. నాలుగు గంటలకి కాస్త తక్కువ నిడివి, దగ్గరదగ్గర ఆరు కిలోమీటర్ల ఫిలిం. రోజుకి నాలుగాటలు ఎలా వెయ్యాలో ఎవరికీ అర్థం కాలేదు, సెకండ్ షో వదిలేసరికి పాలవాళ్ళు తిరుగుతుండేవాళ్ళు. ఒక ఆట రీళ్ళు చుట్టడం పూర్తయ్యేలోపు ఇంకో ఆట గంట కొట్టేవాళ్ళు. నా చేతులకి ఆ పండక్కి పట్టిన కాయలు ఉగాదిదాకా పోలేదు. సినిమా మొత్తం నాకు నచ్చిందా అంటే, దుర్యోధనుడున్న రీళ్ళు నచ్చాయి. కర్ణుడి పేరుతో తీసి దుర్యోధనుణ్ణి హీరో చేసిన సినిమా అది. కొండవీటి వెంకటకవి గారి సమాసాలు అర్థం కానివాళ్ళు కూడా ఊపిరి ఎక్కడ ఆపాలో తెలిసి అప్పజెప్పేవాళ్ళు. మా హాలు గేటు దగ్గర పల్లీలమ్మే కుర్రాడు బడికి వెళ్ళలేదు, కానీ సభలో దుర్యోధనుడి వాదన ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు.

మాటల గురించి వచ్చింది కాబట్టి ముత్యాలముగ్గు. అది 1975. బాపు గారి బొమ్మ, రమణ గారి మాట. మాకు రెండో విడతలో వచ్చింది. మొదటిరోజు నాకు అసలు తోచిందేమిటంటే, ఈ సినిమాలో లైట్లు వేసినట్టు లేదేమిటి అని. అప్పటిదాకా నేను చూసిన రంగుల సినిమాల్లో ఇంట్లో పగలైనా రాత్రయినా మొహాలు మెరుస్తుండేవి. ఇందులో కిటికీలోంచి ఎండ వస్తే కిటికీ దగ్గరున్న చెంపే వెలిగేది, అటు చెంప నీడలో ఉండేది. తెల్లవారుజామున తీసిన సీను తెల్లవారుజాములాగే ఉండేది. కెమెరా ఇషాన్ ఆర్య గారిది. ఆయనకి దీనికి జాతీయ బహుమతి ఇచ్చారు. ఆపరేటర్లకి మాత్రం అది తలనొప్పి, ఎందుకంటే నీడలున్న బొమ్మకి వెలుగు సరిగా పడకపోతే అంతా మసి. చిన్న ఊళ్ళల్లో డబ్బు మిగల్చడానికి పుల్లల్ని తక్కువ కరెంటు మీద కాల్చే హాళ్ళుండేవి. అక్కడ ముత్యాలముగ్గు చూసినవాళ్ళు పాపం ఆ సినిమా చూడనట్టే.

ఇక రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు. పొద్దున్నే సూర్యుణ్ణి చూస్తూ మురిసిపోయి మాట్లాడే సీనుంది కదా, హత్య చేయించేవాడికి ఆ కవిత్వం ఏమిటి! అరుపులు లేవు, కళ్ళెర్రజెయ్యడాల్లేవు. వెనక భజంత్రీలు, పక్కన సెగట్రీ, నోట్లో గోదావరి యాస. అప్పటిదాకా మా తెర మీద విలనంటే గళ్ళ లుంగీ, బుగ్గ మీద మచ్చ. ఈయన వచ్చాక విలను పక్కింట్లో ఉండొచ్చన్న భయం పట్టుకుంది. నేను చెప్పిన మాట వినపడని పరీక్షలో ఈయన తేలిపోతాడు, ఎందుకంటే ఉన్నదంతా మాటల్లోనే ఉంది. అందుకని ఆ రీలు వచ్చినప్పుడల్లా క్యాబిన్లో ఉన్న చిన్న స్పీకరు చెవి పక్కకి తిప్పుకునేవాణ్ణి. పెద్దాపరేటరు గారు కూడా ఏమీ అనలేదు. ఆయన అప్పటికే కుర్చీ జరుపుకుని కూర్చునేవారు.

ఇక్కడ మధ్యలో ఒక మాట. నచ్చనివి కూడా ఉండాలి కదా. అడవి రాముడు రోజుల్లో మా హాలు గేటు ఊడింది, డబ్బులు గోతాల్లో పోశారు. అయినా నాకు దాంట్లో ఒక్క రీలు కూడా జ్ఞాపకం లేదు, జనమే జ్ఞాపకం. దేవదాసు గొప్ప సినిమా అని నాకు తెలుసు. కానీ నా దగ్గరికి వచ్చిన ప్రింట్లు ఎంత చిరిగిపోయి వచ్చేవంటే, నాకది సినిమాలా గుర్తులేదు, అతికించిన పనిలా గుర్తుంది. లవకుశ రంగులు మొదట్లో ఎలా ఉండేవో పెద్దవాళ్ళు చెప్పగా వినడమే. నేను ఆడించిన రంగుల పాత ప్రింట్లన్నీ ఏళ్ళు గడిచి ఎర్రబారినవే. ఆకాశం ఎరుపు, ఆకులు ఎరుపు. నలుపు తెలుపులకి ఆ బెడద లేదు. బార్ట్లే గారి వెన్నెల నా చేతిలో ఎప్పుడూ రంగు మారలేదు.

శంకరాభరణం వచ్చింది 1980 ఫిబ్రవరిలో. పోస్టరు చూసి మా ఓనరు గారు పెదవి విరిచారు. ముసలాయన, తంబురా, హీరో లేడు, ఫైట్లు లేవు. శాస్త్రిగారి వేషం వేసిన జె.వి.సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరట అని ఎవరో చెబితే, "అయితే పన్ను కట్టించుకోవడానికి వచ్చాడేమో" అన్నారు. మొదటి రోజుల్లో హాలు సగానికి సగం ఖాళీ. తర్వాత ఆడవాళ్ళు రావడం మొదలైంది. మ్యాట్నీకి పక్క ఊళ్ళ నుంచి, పిల్లల్ని చంకనేసుకుని. ఆ తర్వాత అగ్రహారం వాళ్ళు, అంతకుముందు హాలు గడప తొక్కనివాళ్ళు. పట్టుపంచెలతో బెంచీ క్లాసులో కూర్చున్న పెద్దమనుషుల్ని నేను అప్పుడే చూశాను.

ఈ సినిమా నాకు పనిలో ఒక కొత్త అంశాన్ని నేర్పింది. అప్పటిదాకా బొమ్మ బాగా కనపడితే చాలనుకునేవాళ్ళం. ఫిలిం పక్కన సన్నటి గీతలా ఉండే సౌండ్ పట్టీ మీద చిన్న దీపం వెలుగు పడి, అవతల ఫోటోసెల్ దాన్ని చప్పుడుగా మారుస్తుంది. ఆ దారిలో దుమ్ము పడినా, నూనె చుక్క పడినా స్వరం బొంగురుపోతుంది. ఫైట్ల సినిమాలో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ బాలసుబ్రహ్మణ్యం గారు, జానకి గారు, వాణీజయరాం గారు, మహదేవన్ గారి వరసలు. ప్రతి ఆటకి ముందూ ఆ దీపం అద్దం మెత్తటి గుడ్డతో తుడిచేవాణ్ణి. అతుకు దగ్గర సౌండ్ పట్టీ మీద నల్ల ఇంకుతో చిన్న త్రికోణం గీస్తే టప్‌మనే చప్పుడు రాదు. మామూలుగా ఎవరూ చెయ్యరు. నేను ఆ ప్రింటుకి ఒక రాత్రంతా కూర్చుని ప్రతి అతుకుకీ ఇంకు పూశాను. ఎవరూ చెయ్యమనలేదు, తెలిసి మెచ్చుకున్నవాళ్ళూ లేరు. పెద్దాపరేటరు గారొక్కరే మర్నాడు మార్నింగ్ షోలో చెవి రిక్కించి విని, నా వైపు చూసి, సిగరెట్టు ఒకటి ఇచ్చారు. నాకు అలవాటు లేదని తెలిసి కూడా.

ఆ సినిమాకి టీ రీలు లేదు. క్యాంటీనాయన తిట్టుకున్నాడు. నిజానికి అందులో జరిగేది తక్కువ. ఒక మనిషి తనకి తెలిసిన సంగీతాన్ని పట్టుకుని వేలాడతాడు, కాలం ఆయన్ని వదిలేసి పోతుంది. విశ్వనాథ్ గారు దాన్ని తొందరపడకుండా తీశారు. రాత్రిపూట వీధిలో కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని గోల చేస్తుంటే శాస్త్రిగారు బయటికి వచ్చి వాళ్ళ పాటని వాళ్ళకే స్వరాలుగా తిప్పి వినిపించే సీనుంది. హాల్లో అరిచేవాడు అరవలేదు, బీడీ వెలిగించేవాడు వెలిగించలేదు. క్యాబిన్లో మిషన్ల చప్పుడు అంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

దానికి పూర్తిగా ఎదురుగా నిలబెట్టాల్సింది శివ, 1989 అక్టోబరు. అప్పటికి నేనే పెద్దాపరేటర్ని, కార్బన్లు పోయి జినాన్ దీపం వచ్చింది, ఒళ్ళు మాడే బాధ తగ్గింది. రామ్‌గోపాల్‌వర్మ అనే పేరు ఎవరికీ తెలియదు. మొదటి ఆట మొదటి రీల్లో కాలేజీ గేటు దగ్గర బండి వచ్చి ఆగుతుంది, మాటల్లేవు. నాకు స్పీకరు పోయిందేమోనని అనుమానం వచ్చి ఆంప్లిఫయరు దగ్గరికి పరిగెత్తాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ నిశ్శబ్దం వాళ్ళు కావాలని పెట్టుకున్నదే. మన సినిమాల్లో అప్పటిదాకా చప్పుడు ఆగిందంటే ఆపరేటరు తప్పే.

శివలో కొట్టుకోవడం కంటే కొట్టుకోబోయే ముందు సమయం ఎక్కువ. నాగార్జున గారు సైకిలు చైను లాగే చోట చూడండి. గుద్దుల చప్పుడు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. సందుల్లో పాపని సైకిలు మీద ఎక్కించుకుని పారిపోయే రీల్లో కెమెరా వెనకాలే పరిగెత్తుతుంది, తెర మీద బొమ్మ ఎక్కడా కుదుపు లేకుండా జారుతుంది. ఎస్.గోపాలరెడ్డి గారి కెమెరా. ఆ రీల్లో చుక్క పడిందా లేదా అని రెండో మిషను దగ్గరున్న కుర్రాణ్ణి అడగాల్సొచ్చేది. రఘువరన్ గారి భవానీ గొంతు పెంచకుండా భయపెట్టాడు. రావు గోపాలరావు గారి తర్వాత మళ్ళీ నాకు విలను నచ్చింది అప్పుడే. ఆ సినిమా ఆడినన్నాళ్ళూ మా హాలు సైకిలు స్టాండువాడికి నిద్ర లేదు. ఆట వదలగానే ప్రతి కుర్రాడూ ఏదో ఒక సైకిలు చైను పట్టుకుని లాగి చూసేవాడు. ఎవరికీ ఊడలేదనుకోండి, చేతులకి గ్రీజు మాత్రం అంటేది.

శివ తర్వాత చాలా బాగున్న సినిమాలొచ్చాయి, నేను వాటిని తక్కువ చెయ్యను. కానీ వయసుతోపాటు నా చూపూ గట్టిపడింది. 2010లో మాయాబజార్ రంగుల్లో వచ్చింది. హైదరాబాదులో కంప్యూటర్ల మీద ఒక్కొక్క ఫ్రేముకీ రంగు వేశారు. మా హాల్లోనూ పడింది. నేను వ్యతిరేకించాలని నిర్ణయించుకుని వెళ్ళి నిలబడ్డాను. పిల్లలు సరిగ్గా పాతవాళ్ళు నవ్వినచోటే నవ్వారు. సత్యపీఠం ఎక్కి శకుని తన గుట్టంతా తనే బయటపెట్టుకునే చోట గోలగోల చేశారు. అది చూశాక నా వ్యతిరేకత కొంత దిగింది. వెన్నెల పాట మాత్రం నీలంగా వచ్చింది. నలుపు తెలుపుల్లో అది వెన్నెల. రంగులేశాక, ఇదిగో వెన్నెల చూడండి అని చెప్పినట్టయింది. ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

ఆ తర్వాత రెండు మూడేళ్ళలో పెట్టెలు రావడం ఆగిపోయింది. డిస్కు వస్తుంది, కంప్యూటరు ఆడిస్తుంది. చుక్క లేదు, అతుకు లేదు, టీ రీలు మాత్రం ఇప్పటికీ ఉంది, క్యాంటీన్లే చెబుతాయి. నేను మానేశాను.

ఇప్పుడు ఇంట్లో టీవీకి ఇంటర్నెట్ పెట్టించారు మావాళ్ళు. ఏ సినిమా కావాలన్నా వస్తుంది. నేను మాయాబజార్ పెడితే నేరుగా అడవిలో ఘటోత్కచుడు ఎదురుపడే చోటికి జరుపుతాను, శివ పెడితే సైకిలు దగ్గరికి. మా ఆవిడకి ఇది ఒళ్ళు మంట. "మొదట్నించీ చూస్తే మీ సొమ్మేం పోయింది?" అంటుంది. ఆవిడకి నచ్చిన సినిమాలు వేరు, మూగమనసులు మొదటి అక్షరం నుంచి చివరిదాకా కదలకుండా చూస్తుంది. మొన్న ఒకరోజు తనే అడిగింది, శంకరాభరణం పెట్టండి, నేను చూడని ముక్క ఒకటుంది అని. ఆ రోజుల్లో పెద్దాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మ్యాట్నీకి వచ్చిందట. శాస్త్రిగారు "శారదా!" అని ఒక్క అరుపు అరిచేసరికి వాడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ణెత్తుకుని వరండాలో తిప్పి లోపలికి వచ్చేసరికి కథ ముందుకి పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు టీవీలో వేసినా ఆ సమయానికే పొయ్యి మీద పాలో, గుమ్మంలో చుట్టాలో.

అరుపు ఏ రీల్లో ఉందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. రిమోటు తీసుకుని సరిగ్గా దానికి ముందు తెచ్చి ఆపాను. ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని ముందుకి జరిగి కూర్చుంది. శాస్త్రిగారు అరిచారు. "ఇదిగో, ఇక్కడ మన ప్రింటులో పెద్ద అతుకుండేది, నేను ఇంకు పూసి..." అని చెప్పబోయాను.

"ఏవండీ, కాస్సేపు మాట్లాడకుండా ఉంటారా" అంది.